కాన్‌స్టబుల్ మబ్బులు: 18 కాగితాల పని పట్టీ

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లో లండన్ పక్కనున్న హాంప్‌స్టెడ్ ఎత్తుల మీద ఆకాశాన్ని పదేపదే గీశాడు. నూనె రంగులు, కాగితం, ఒక్కోదానికి మహా అయితే గంట. 1822 అక్టోబరులో మిత్రుడు జాన్ ఫిషర్‌కు రాసిన ఉత్తరంలో దాదాపు 50 ఆకాశాలు చేశానని లెక్క చెప్పాడు. అంతకు ఏడాది ముందు ఉత్తరంలో అసలు సంగతి ఉంది: ఆకాశాన్ని వస్తువుల వెనక పరిచిన తెల్ల దుప్పటిలా చూడమని కొందరు సలహా ఇస్తే అతను ఒప్పుకోలేదు. నేల మీద పడే వెలుగంతా ఆకాశం నుంచి వచ్చేదే కాబట్టి ముందు దాన్ని నేర్చుకోవాలన్నాడు.

ల్యాండ్‌స్కేప్ (ప్రకృతి దృశ్య చిత్రాల) చరిత్ర అంటే మ్యూజియం గోడ మీద ఉన్న పెద్ద చిత్రాలే గుర్తుకొస్తాయి. ఆ చిత్రాలు ఎలా సాధ్యమయ్యాయో మాత్రం ఈ చిన్న కాగితాల్లోనే తెలుస్తుంది. అవే సరుకులతో, లేదా వాటికి దగ్గర సరుకులతో, అదే గడువులో చేసి చూడటం ఈ పని. మూడు పెద్ద షీట్లు, ఒక్కోదాన్ని ఆరు ముక్కలు చేస్తే 18 ఆకాశాలు. జూన్, జులైలలో చేసినవి.

ముక్కలు 1–6: కాగితం, జిగురు

56×76 సెం.మీ. షీటు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు), పూర్తి కాటన్. పొట్టి వైపు రెండు, పొడుగు వైపు మూడు భాగాలు చేస్తే సుమారు 25×28 సెం.మీ. ముక్కలు ఆరు వస్తాయి. కాన్‌స్టబుల్ 1821 మబ్బులు చాలావరకు 24×30 దగ్గర ఉంటాయి. మరుసటేడు 30×48కి, ఇంకా పెద్దవాటికి వెళ్లాడు. ఆ వరసే మంచిది.

నూనె నేరుగా కాగితం పీచుకు తగలకూడదు. అవిసె నూనె ఆరడం అంటే నీళ్లలా ఎండిపోవడం కాదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడటం. ఆ క్రమంలో పుట్టే ఆమ్లాలు పీచును పెళుసు చేస్తాయి, కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. అందుకే పాతకాలంలో తోలు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు ముందుగా పూసేవారు. వానాకాలంలో ఆ జిగురు తేమ పీల్చి బూజు పడుతుంది కాబట్టి దాని బదులు అక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు లేని, ఆరాక మెరవని పూత ద్రవం) రెండు పాళ్లు, నీళ్లు ఒక పాలు కలిపి వాడాం. ముందువైపు రెండు పూతలు, పూతకూ పూతకూ మధ్య కనీసం రెండు గంటలు.

1, 2, 3 ముక్కలకు వెనకవైపు పూయలేదు. మూడూ తమలపాకు ఎండినట్టు లోపలికి చుట్టుకున్నాయి. పూత ఆరేటప్పుడు కుంచించుకుంటుంది, వెనకనుంచి లాగేది ఏదీ లేదు. 4, 5, 6కు వెనక కూడా ఒక పూత వేశాక చదునుగా నిలిచాయి. చుట్టుకున్నవాటి వెనక కాస్త తడిపి, ఒక పూత వేసి, ఆరాక బరువు కింద రాత్రంతా ఉంచితే దాదాపు సర్దుకున్నాయి.

పూత చాలిందో లేదో తెలియాలంటే ఒక మూల చుక్క అవిసె నూనె వేసి గంట ఆగాలి. వెనకనుంచి చూస్తే బజ్జీ పొట్లం మరకలా మసక పారదర్శకంగా కనిపిస్తే ఇంకో పూత కావాలి.

అస్తరు: సగం పని ఇక్కడే

అస్తరు అంటే బొమ్మకు ముందు కాగితమంతా వేసే అడుగు రంగు పూత. తెల్ల కాగితం మీద మబ్బు గీయడం చాలా కష్టం. మబ్బులో అన్నిటికంటే వెలుగైన చోటు తప్ప మిగతాదంతా తెలుపుకంటే ముదురే. తెల్ల అస్తరు మీద మొదటి బూడిద రంగు గీత నల్లగా కనిపించి చేతిని భయపెడుతుంది. దాంతో అన్నీ పాలిపోయిన రంగులే కలుపుతాం. కాన్‌స్టబుల్ గులాబీ ఛాయ ఉన్న గోధుమ అస్తరును ఎక్కువగా వాడాడు. దాని మీద చల్లటి బూడిద రంగు పలచగా రుద్దితే నీలం కలపకుండానే నీలంగా కనిపిస్తుంది. మబ్బు అడుగున ఉండే వెచ్చటి నీడకు అస్తరునే వదిలేస్తే చాలు.

ఇది అతను కనిపెట్టిన ఉపాయం కాదు. 17వ శతాబ్దంలో డచ్ చిత్రకారుడు యాన్ వాన్ గోయెన్ చిత్రాల్లో పలచటి రంగు కిందనుంచి చెక్క పలక వెచ్చదనం, కొన్నిచోట్ల చెక్క గీతలు కూడా కనిపిస్తాయి.

వాడిన కొలత: తెల్ల అక్రిలిక్ జెస్సో (సుద్ద కలిసిన అస్తరు పూత) 100 మి.లీ., అక్రిలిక్ బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) 8 మి.లీ., రా అంబర్ (ముదురు గోధుమ) 2 మి.లీ. పెద్ద షీటుకు పూతకు 50 మి.లీ. లోపే పడుతుంది. ఒక పూత అడ్డంగా, రెండోది నిలువుగా. ఆరాక 400 నంబరు ఉప్పుకాగితంతో తేలిగ్గా రుద్దాలి, మాస్క్ కట్టుకుని. 2వ ముక్కకు సియెన్నా 20 మి.లీ. వేస్తే ఇటుక రంగు వచ్చింది. దాని మీద ఏ నీలమూ నిలబడలేదు, పైన ఎంత తెలుపు వేసినా సాయంత్రపు ఆకాశమే అయింది.

జెస్సోతో ఇంకో చిక్కు ఉంది. అందులోని సుద్ద నూనెను పీల్చేస్తుంది. రంగు కుంచె నుంచి జారదు, ఆరాక బూడిద కొట్టినట్టు మందగిస్తుంది. కాన్‌స్టబుల్ వాడినవి నూనెతో చేసిన అస్తరులు, వాటి మీద కుంచె జారుతుంది. ఆ జారుడు కోసం జెస్సో మీద మ్యాట్ మీడియం ఇంకో పలచటి పూత వేశాం. 7వ ముక్క నుంచి తేడా స్పష్టంగా కనిపిస్తోంది.

రంగులు

పాలెట్ మీద ఆరే: తెలుపు, ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం), ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), లైట్ రెడ్ (మట్టి ఎరుపు), ఐవరీ బ్లాక్ (నలుపు), మ్యాడర్ ఛాయ (గులాబీ వైపు మొగ్గే) ఎరుపు. ఇంకా పెంచితే గంటలో పని కాదు.

తెలుపు దగ్గరే పాత పద్ధతికీ ఇప్పటికీ పెద్ద తేడా. అప్పటిది సీసపు తెలుపు. అది విషం, వాడలేదు. పైగా అది పూర్తిగా కప్పదు, అస్తరు వెచ్చదనాన్ని కొంచెం బయటికి రానిస్తుంది. ఇప్పటి టైటానియం వైట్ గోడకు సున్నం వేసినట్టు కప్పేస్తుంది. జింక్ వైట్ కలపమని చాలామంది చెబుతారు. నూనెలో జింక్ పొర కాలక్రమంలో పెళుసెక్కుతుంది, వంగే కాగితం మీద అది అసలు తగదు. మెత్తటి సుద్దపొడిని అవిసె నూనెతో వెన్నలా నూరి, రెండు పాళ్లు టైటానియం రంగుకు ఒక పాలు చేర్చడం మేలు. సుద్ద నూనెలో కలిసినప్పుడు తెలుపును కోల్పోయి దాదాపు పారదర్శకమవుతుంది. అందుకే కప్పే బలం తగ్గుతుంది, కుంచె గుర్తు మాత్రం నిలుస్తుంది.

ప్రష్యన్ బ్లూ 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో దొరికిన రంగు. దాని బలం తెలియక 3, 4 ముక్కలు పాడయ్యాయి. ఉసిరికాయంత తెలుపుకు ఆవగింజంత నీలం చాలు. ఎప్పుడూ తెలుపులోకి నీలం చేర్చాలి, నీలంలోకి తెలుపు కాదు. ఓకర్ తగిలిందా, ఆకాశం ఆకుపచ్చకు తిరుగుతుంది. అప్పుడు లైట్ రెడ్ సూదిమొనంత చేర్చితే పచ్చదనం విరుగుతుంది.

లోహపు ట్యూబులు వచ్చాకే నూనె రంగులు బయటికి నడిచాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఈ ముక్కలు చేస్తుంటే అది ఎంత సగం మాటో అర్థమవుతుంది. జాన్ గాఫ్ రాండ్ ట్యూబుకు పేటెంటు తీసుకున్నది 1841లో, అప్పటికి కాన్‌స్టబుల్ పోయి నాలుగేళ్లు. అతని కాలంలో రంగు పంది మూత్రాశయపు చిన్న సంచుల్లో వచ్చేది. మేకుతో పొడిచి పిండి, మళ్లీ ఆ మేకుతోనే కన్నం మూసేవారు. ఫ్రాన్స్ చిత్రకారుడు వాలెన్సియెన్ 1780లలోనే రోమ్ చుట్టూ కాగితం మీద నూనె రంగులతో ఇంటి కప్పులు, మబ్బులు గీశాడు. ట్యూబు ఆ పనిని సులువు చేసింది, మొదలుపెట్టలేదు.

ముక్కలు 7–12: గడువు

వాలెన్సియెన్ 1800లో అచ్చువేసిన పాఠాల్లో ప్రకృతి ముందు కూర్చుని చేసే అధ్యయనానికి రెండు గంటలు మించకూడదన్నాడు, సూర్యోదయం సూర్యాస్తమయాలకైతే అరగంటే. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. రెండు గంటలు దాటితే బొమ్మలో ఒక మూల నీడ ఇంకో మూల నీడతో పొసగదు. మబ్బులకు అంత వ్యవధి కూడా లేదు, 45 నిమిషాలు పెట్టుకున్నాం.

మొదటి ఐదు నిమిషాలు రంగు ముట్టకూడదు. వెలుగు ఎటు నుంచి, మబ్బుల అడుగు గీత ఎంత ఎత్తున అన్నవి రెండూ పెన్సిలుతో పెట్టాలి. తర్వాత పది నిమిషాలు నీలం: పైన ముదురు, కిందికి వచ్చేకొద్దీ పాలిపోయి వెచ్చబడేది. దిక్చక్రం దగ్గర చూపు ఎక్కువ గాలిని దాటి వెళ్తుంది కాబట్టి అక్కడ నీలం తెల్లబడుతుంది. తర్వాత పావుగంట మబ్బుల నీడలు, ఐవరీ బ్లాక్, తెలుపు, చిటికెడు లైట్ రెడ్‌తో, పలచగా. ఆపైన పది నిమిషాలు వెలుగు, మందంగా, వేసినచోట మళ్లీ ముట్టకుండా. చివరి ఐదు నిమిషాలు కింద వేలెడు వెడల్పున చెట్ల వరస. ఆ వరస లేకపోతే ఆకాశం ఎంత వెలుగో కంటికి కొలత దొరకదు.

మూడు బ్రష్షులు విడిగా ఉండాలి, నీలానికి ఒకటి, నీడకు ఒకటి, తెలుపుకు ఒకటి. 8వ ముక్క ఒకే బ్రష్షుతో చేస్తే అరగంటకు మొత్తం కడిగిన పలక రంగుకు వచ్చింది.

9వ ముక్కలో తప్పు వేరే. మబ్బు కదిలిన కొద్దీ దాన్ని వెంబడించడంతో మూడు మబ్బుల ముక్కలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఐదో నిమిషంలో పెట్టిన ఆకారాన్నే పట్టుకోవాలి. ఆ మబ్బు వెళ్లిపోతే అదే చోటుకు వచ్చే అదే జాతి మబ్బు నుంచి వెలుగూ నీడా తీసుకోవాలి.

జాతి తెలియాలంటే మబ్బుల పేర్లు తెలియాలి. ఇంగ్లండ్‌లో మబ్బులను పరిశీలించిన ల్యూక్ హోవార్డ్ క్యుములస్ (కుప్ప మబ్బు), స్ట్రాటస్ (పొర మబ్బు), సిర్రస్ (పీచు మబ్బు), నింబస్ (వాన మబ్బు) అని పేర్లు పెట్టింది 1802లో. ఆ వర్గీకరణను వివరించిన థామస్ ఫార్స్టర్ పుస్తకం కాన్‌స్టబుల్ దగ్గర ఉండేది, అంచుల్లో తన మాటలు రాసుకున్నాడు.

అడుగు గీత లెక్క

అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. మబ్బులను గోడకు అంటించిన దూదిలా గీస్తాం, నిజానికి అవి ఒక పైకప్పుకు వేలాడుతున్నట్టు ఉంటాయి. క్యుములస్ మబ్బుల అడుగులు ఒకే గాలిలో దాదాపు ఒకే ఎత్తున ఉంటాయి, పైకి లేచే గాలి చల్లబడి ఆవిరి నీటి బిందువులయ్యేది ఆ ఎత్తునే కాబట్టి. సుమారు ఎత్తు లెక్క కట్టొచ్చు: ఉష్ణోగ్రతకూ మంచుబిందు ఉష్ణోగ్రతకూ (గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) తేడాను 125తో గుణిస్తే మీటర్లు. 34, 24 డిగ్రీలైతే తేడా పది, అంటే 1,250 మీటర్లు.

ఇప్పుడు చేయి చాచి, దిక్చక్రం మీద ఆనించినట్టు పిడికిలి పడితే దాని ఎత్తు దాదాపు 10 డిగ్రీలు. 1,250 మీటర్ల ఎత్తున్న మబ్బు అడుగు 45 డిగ్రీల మీద కనిపిస్తే అది కిలోమీటరుంబావు దూరంలో ఉంది. పిడికిలి పై అంచున కనిపిస్తే ఏడు కిలోమీటర్లు, పిడికిలి సగంలో అయితే 14 కిలోమీటర్లు. ఏడు కిలోమీటర్లకు అవతలి మబ్బులన్నీ ఆ ఒక్క పిడికిలిలో ఇరుక్కోవాలి. కాబట్టి కింద మబ్బులు సన్నగా, దగ్గరదగ్గరగా, పాలిపోయి ఉంటాయి. నెత్తిమీది మబ్బుకు అడుగే ఎక్కువ కనిపిస్తుంది, దూరపుదానికి పక్కలు. 10వ ముక్క నుంచి పెన్సిలుతో పిడికిలి గుర్తు పెట్టుకోవడం మొదలైంది, ఆకాశానికి లోతు వచ్చింది.

ముక్కలు 13–18: వెనక రాత, నీడ, ఆరబెట్టడం

కాన్‌స్టబుల్ తన మబ్బుల వెనక తేదీ, గంట, చూసిన దిక్కు, గాలి ఎటు నుంచి, ఎంత జోరు అని రాసేవాడు. ఆ రాతలను అప్పటి లండన్ వాతావరణ నమోదులతో పోల్చి చూడటం తర్వాతివాళ్లకు సాధ్యమైంది. రంగు వేయకముందే పెన్సిలుతో రాయడం మంచిది, తర్వాత తడి కాగితం తిప్పలేం.

అతని కాగితాల మూలల్లో గుండుసూది కన్నాలు కనిపిస్తాయి, రంగుల పెట్టె మూతకు గుచ్చి ఒళ్లో పెట్టుకుని గీసినవి అవి. మూత పద్ధతి గాలికి బాగా ఆగుతుంది. ఒక్క జాగ్రత్త: కాగితం మీద ఎండ పడకూడదు. ఎండలో సరిగ్గా ఉన్న రంగు ఇంట్లోకి తెస్తే చీకటిగా కనిపిస్తుంది. 13 అలాగే పోయింది. నీలం పట్టా కింద కూర్చుంటే కాగితం మీదా నీలమే పడి, ఆకాశంలో నీలం తక్కువ వేస్తాం. తెల్ల గొడుగో, చెట్టు కాకుండా గోడ నీడో ఉత్తమం.

ప్రష్యన్ బ్లూ త్వరగా ఆరుతుంది, ఐవరీ బ్లాక్ చాలా ఆలస్యంగా. అందుకే నల్ల నీడ మీద మందం తెలుపు ఎక్కిస్తే తర్వాత పగుళ్లు రావచ్చు, నీడలు పలచగా ఉండాలన్నది అందుకు కూడా. ఆరాక అక్కడక్కడ మందగించిన చోట్ల అవిసె నూనె, టర్పెంటైన్ సమంగా కలిపి పలచగా రాసి, పది నిమిషాలకు గుడ్డతో పూర్తిగా తుడవాలి. తుడవకపోతే ఆ చోటు పసుపెక్కుతుంది. బీరువా చీకట్లో పెట్టినవి కూడా పసుపెక్కుతాయి, కొన్నాళ్లు వెలుగులో ఉంచితే చాలావరకు పోతుంది.

నూనె గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట విడివిడిగా ఆరేయాలి, లేదా నీళ్ల డబ్బాలో ముంచి మూతపెట్టాలి.

తర్వాత: రెట్టింపు

18లో 11, 14, 17 పెద్దవి చేయడానికి పనికొస్తాయి. దీనికి నమూనా ఫ్రాన్స్ చిత్రకారుడు కోరో. 1826లో ఇటలీలోని నార్ని వంతెనను కాగితం మీద 34×48 సెం.మీ.లో గీశాడు, అది ఇప్పుడు ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1827 ప్యారిస్ సలోన్ అనే చిత్ర ప్రదర్శనకు చేసిన పెద్ద చిత్రం 68×94.6, కొలత దాదాపు సరిగ్గా రెట్టింపు. అందులో చెట్లు, పశువుల కాపరులు చేరారు, చిన్నదానిలో మట్టి మీద కనిపించిన ఎండ మాత్రం తగ్గింది. పెద్దది చేసేటప్పుడు పోయేది వెలుగే అన్నమాట.

అందుకని 14వ ముక్కను 50×56 సెం.మీ.కు పెంచేటప్పుడు గళ్లు గీయడానికి ముందు ఐదు రంగులు చిన్న అట్ట మీద కలిపి, అసలు చిన్న ముక్క పక్కన పెట్టి సరిచూడాలి: పై నీలం, కింది నీలం, మబ్బు వెలుగు, మబ్బు నీడ, చెట్ల వరస. అట్ట ఆరాక మళ్లీ చూడాలి, తడిలో సరిపోయినవి ఆరాక మారతాయి. బ్రష్షులూ రెట్టింపు వెడల్పువి కావాలి. చిన్న బ్రష్షుతో మొదలుపెడితే మబ్బు అంచులన్నీ పదునెక్కుతాయి. అస్తరు మాత్రం అదే కొలత, జెస్సో 100కు సియెన్నా 8, అంబర్ 2.