డెస్క్ మీద ఫోన్, గదిలో పేషెంట్: రెండు పనులూ ఒక్కరే చేయాల్సి వచ్చినప్పుడు

డాలస్ దగ్గర ఒక ఆసుపత్రిలో, మెడికల్-సర్జికల్ యూనిట్‌లో, అంటే మామూలు జబ్బులవాళ్లూ ఆపరేషన్ అయినవాళ్లూ ఉండే వార్డులో, పని చేస్తున్నాను. షిఫ్ట్‌లో కొంతసేపు డెస్క్ దగ్గర యూనిట్ సెక్రటరీని, మిగతా సేపు గదుల్లో నర్సింగ్ అసిస్టెంట్‌ని. రెండూ కలిపిన ఇలాంటి ఉద్యోగాలు అమెరికాలో చాలా ఆసుపత్రుల్లో ఉన్నాయి. భర్త ఉద్యోగం వల్ల దొరికే హెచ్4 వీసా మీద వచ్చి, ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) చేతికందిన మన ఆడవాళ్లు చాలామంది నన్ను దీని గురించి అడుగుతుంటారు. "సగం ఆఫీసు పనేగా, తేలికగా ఉంటుందా?" అన్నదే అందరి మొదటి ప్రశ్న. తేలిక కాదు. అయినా నాకు చాలా ఇష్టమైన పని. దీన్ని ఎలా నెట్టుకొచ్చానో, ఎక్కడ దారి దొరికిందో చెబుతాను.

ముందు ట్రైనింగ్ సంగతి. నర్సింగ్ హోముల్లో (ఇక్కడ ఆ మాటకి అర్థం పెద్దవాళ్లని ఎక్కువకాలం ఉంచి చూసుకునే చోటు) పనిచేసే సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండాలని 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం వల్ల నియమం ఏర్పడింది. టెక్సస్‌లో అది 100 గంటలు: 60 క్లాసులో, 40 పేషెంట్ల దగ్గర. తర్వాత రాత పరీక్ష, చేసి చూపించే పరీక్ష. ఆసుపత్రులు కూడా ఎక్కువగా ఈ సర్టిఫికెట్‌నే అడుగుతాయి, దానితోపాటు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) నేర్చుకున్నట్టు కార్డు. ఆ కార్డు రెండేళ్లకోసారి కొత్తది తీసుకోవాలి. నేను గుంటూరులో బీకాం చదివి కొన్నాళ్లు ఆఫీసులో పనిచేసినదాన్ని కాబట్టి కంప్యూటర్, ఫోన్, ఫైళ్లు నాకు కొత్త కాదు. మనిషి ఒంటిని తాకి చేసే పని మాత్రం పూర్తిగా కొత్త. మంచం మీద ఉన్న మనిషికి సిగ్గు కలగకుండా, ఒళ్లంతా ఒకేసారి బయటపడకుండా దుప్పటి కొంచెం కొంచెంగా తొలగిస్తూ స్నానం చేయించడం ట్రైనింగ్‌లోనే నేర్చుకున్నాను. ఆ శిక్షణ మీద నాకు ఇప్పటికీ ఎంతో గౌరవం.

ఈ రెండు పనుల్ని ఎందుకు కలిపారన్నది ఉద్యోగంలో చేరాకే అర్థమైంది. పూర్వం డాక్టర్లు ఆర్డర్లు కాగితం మీద చేత్తో రాసేవారు. సెక్రటరీ ఆ రాత చదివి, ల్యాబుకి, ఫార్మసీకి, ఎక్స్‌రేకి విడివిడిగా ఎక్కించేది. 2009లో వచ్చిన చట్టంతో ఆసుపత్రులకు ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం ప్రభుత్వ డబ్బు అందింది. ఆ తర్వాత డాక్టర్లే నేరుగా కంప్యూటర్‌లో ఆర్డర్లు పెట్టడం మామూలైపోయింది. దాంతో డెస్క్ దగ్గర పని తగ్గిందని, ఆ మనిషిని గదుల్లోకి కూడా పంపొచ్చని పైవాళ్లు లెక్క వేశారు. ఆ లెక్కలో నాకు కనిపించిన లోటు ఒకటే. తగ్గింది రాత పని. ఫోన్లు తగ్గలేదు, పేషెంట్లు మమ్మల్ని పిలిచే కాల్ లైట్లు తగ్గలేదు, కుటుంబాల ప్రశ్నలు తగ్గలేదు, మంచాల కోసం ఎదురుచూపులు తగ్గలేదు.

ఒక డిశ్చార్జ్ తీసుకోండి. పేషెంట్ వీల్‌చైర్‌లో కిందకి వెళ్లిపోయాడు. గది ఖాళీ. కానీ నేను కంప్యూటర్‌లో డిశ్చార్జ్ అయినట్టు పెట్టేదాకా క్లీనింగ్ వాళ్లకు మెసేజ్ వెళ్లదు. వాళ్లు వచ్చి శుభ్రం చేసేదాకా మంచం ఖాళీ అయినట్టు బోర్డు మీద కనపడదు. కనపడేదాకా కింద ఎమర్జెన్సీలో స్ట్రెచర్ మీద ఉన్న పెద్దాయన పైకి రాలేడు. నేను ఆ సమయంలో పక్క గదిలో ఒకావిడకు స్నానం చేయిస్తుంటే, నా కంప్యూటర్ పనికి ఆయన అక్కడ వెన్ను నొప్పితో ఎదురుచూస్తుంటాడు. డెస్క్ పని అంటే కుర్చీలో కూర్చునే పని అనుకునేవాళ్లకు నేను ఈ గొలుసు గురించే చెబుతాను.

గది లోపలి పని ఇంకో రకం. తమంతట తాము కదలలేని పేషెంట్‌ని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. ఇద్దరం రెండు వైపులా నిలబడి, ఒంటి కింద పరిచిన షీట్ పట్టుకుని, మాట అనుకుని ఒకేసారి లాగుతాం. వీపు వెనక వాలు దిండు పెడతాం. మడమలు పరుపుకి ఆనకుండా పిక్కల కింద దిండు సర్దుతాం. నడుము కింది ఎముక దగ్గర చర్మం ఎర్రబడిందా అని చూసి, వేలితో నొక్కి, ఆ ఎరుపు పోతుందో లేదో గమనించి నర్సుకి చెబుతాం. పోకపోతే పుండు మొదలైనట్టే. ఆసుపత్రిలో ఉండగా లోతైన పుండు పడితే దానికయ్యే అదనపు ఖర్చు ఇవ్వనని 2008 అక్టోబర్ నుంచి మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెప్పేసింది. అందుకే యూనిట్లన్నీ ఈ తిప్పడం మీద అంత పట్టుగా ఉంటాయి. నాకైతే ఆ డబ్బు లెక్క కంటే, అలాంటి పుండుతో ఓ ముసలాయన పడిన బాధ కళ్లారా చూడడమే ఎక్కువ పట్టుదల తెచ్చింది.

సరిగ్గా అలా షీట్ పట్టుకుని ఉన్నప్పుడే జేబులో వెంట తిప్పుకునే డెస్క్ ఫోన్ మోగుతుంది. చేతికి గ్లవ్స్. పేషెంట్ పక్కకి ఒరిగి ఉన్నాడు. ఎత్తకుండా ఉందామంటే, అవతల ల్యాబు వాళ్లు ప్రాణాపాయంగా ఉన్న రిజల్ట్ చెప్పడానికి చేసి ఉండొచ్చు. ఎత్తాలంటే మనిషిని వదిలి, గ్లవ్స్ తీసి, చేతులు శుభ్రం చేసుకోవాలి. సీ-డిఫ్ అనే విరేచనాల ఇన్ఫెక్షన్ ఉన్న గది అయితే శానిటైజర్ చాలదు, ఆ క్రిమి బీజాలు ఆల్కహాల్‌కి చావవు, సబ్బూ నీళ్లూ పెట్టి కడుక్కోవాల్సిందే. అవే చేతులతో తర్వాత డెస్క్ కీబోర్డు ముట్టుకుంటాం, దాన్నే పదిమందీ ముట్టుకుంటారు. మొదట్లో నాకు టెన్షన్ అంతా ఇక్కడే ఉండేది.

అప్పట్లో మా యూనిట్‌లో ఏ గంటలో నేను ఎవరినో ఎవరూ చెప్పేవారు కాదు. "రెండూ చూసుకో" అనేవారు. నర్సు దృష్టిలో నేను గదిలో ఉండాలి, డాక్టర్ దృష్టిలో డెస్క్ దగ్గర ఉండాలి. పేషెంట్లు తగ్గిన రోజున సిబ్బందినీ తగ్గించి, నాకు ఐదారు గదులు అదనంగా ఇచ్చి డెస్క్ కూడా నా మీదే ఉంచేవారు. ఎవరి మీదా కోపం లేదు, అందరూ పరుగు మీదే ఉన్నారు. కానీ ఆ పద్ధతి పేషెంట్లకు ప్రమాదం, ఈ మాట గట్టిగానే అంటాను.

మేనేజర్ దగ్గరికి ఒట్టి ఫిర్యాదుతో వెళ్లదలచుకోలేదు. ఒక కాగితాన్ని మధ్యకి మడిచి, ఎడమవైపు డెస్క్ పనులు, కుడివైపు గదుల పనులు గంటల వారీగా రాయడం మొదలుపెట్టాను. ఏ గంటలో రెండు వైపులా ఒకేసారి పని పడిందో అక్కడ గుండ్రంగా గీత. కొన్ని షిఫ్టుల కాగితాలు పక్కపక్కన పెడితే చిత్రం స్పష్టంగా కనపడింది. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా గదుల్లోనే రద్దీ: వైటల్స్ (బీపీ, నాడి, జ్వరం చూడడం), టిఫిన్లు, బాత్రూములు. పదిన్నర నుంచి రెండు దాకా డెస్క్ దగ్గర: డిశ్చార్జ్‌లు, కొత్త అడ్మిషన్లు. ఆ కాగితాలు చార్జ్ నర్సుకి, అంటే షిఫ్ట్ బాధ్యత చూసే నర్సుకి, చూపించాను. ఆవిడ ఒక్కొక్కటీ తిరగేసి, "ఈ డెస్క్ రద్దీ గంటల్లో నిన్ను అక్కడి నుంచి కదిలించను, మిగతా గంటల్లో ఫోన్ నేను పట్టుకుంటాను" అంది. తర్వాత మేనేజర్ కూడా ఒప్పుకుని దాన్ని అసైన్‌మెంట్ షీట్‌లో చేర్చారు. డెస్క్ గంటల్లో నాకు సొంత గదులు ఉండవు. గది గంటల్లో నా జేబులో డెస్క్ ఫోన్ ఉండదు. పని తగ్గలేదు, కానీ చేతిలో ఉన్న పని మీద మనసు పెట్టే వీలు వచ్చింది.

ఇంకో విషయం షిఫ్ట్ మొదట్లోనే తేల్చుకోవాలి. ఎవరికైనా గుండె ఆగితే నేను ఫోన్ దగ్గరా, మంచం దగ్గరా? సెక్రటరీగా అయితే ఆపరేటర్‌కి కోడ్ (గుండె ఆగిందన్న అత్యవసర పిలుపు) చెప్పాలి, ఆ పేషెంట్‌ని చూసే డాక్టర్‌ని పిలవాలి, కంగారుపడుతున్న కుటుంబాన్ని పక్కకి తీసుకెళ్లాలి. అసిస్టెంట్‌గా అయితే నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు వెళ్లేలా ఛాతీ నొక్కాలి. అలా నొక్కేవాళ్లు రెండు నిమిషాలకి అలసిపోతారు, మారాలి. ఆ క్షణంలో ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకే ఏడింటికి అందరం నిలబడి మాట్లాడుకునేటప్పుడే నేను అడుగుతాను, పేరు పేరునా జవాబు వస్తుంది.

గుండె కొట్టుకునే తీరు చూపించే మానిటర్లను కూడా డెస్క్ మనిషికే అప్పగించే చోట్లు ఉన్నాయి. ఆ స్క్రీన్ మీద నుంచి కళ్లు తిప్పకూడదు. ఆ బాధ్యత ఉన్న మనిషికి బెడ్‌పాన్ పని కూడా ఇస్తే మాత్రం దయచేసి ఒప్పుకోకండి.

మన భాష సంగతి కూడా చెప్పాలి. పిల్లల దగ్గరికి వచ్చి జబ్బుపడిన తెలుగు పెద్దవాళ్లు అప్పుడప్పుడూ మా యూనిట్‌కి వస్తారు. ఓసారి ఒక పెద్దావిడ రాత్రంతా మూత్రం బిగబట్టుకుని ఉంది, మగ నర్సుని అడగలేక. నేను గదిలోకి వెళ్లి "పెద్దమ్మా, బాత్రూమ్‌కి తీసుకెళ్లనా?" అన్నానో లేదో, నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. అలాంటి సహాయం ఎంతైనా చేస్తాను. ఆపరేషన్ గురించి డాక్టర్ చెప్పేది తర్జుమా చేయమంటే మాత్రం చేయను. దానికి అర్హత ఉన్న దుబాసీ ఉండాలన్నది నియమం, ఫోన్‌లోనో వీడియోలోనో తెలుగు దుబాసీని కలపడం డెస్క్ మనిషిగా నా పని. మందు మోతాదులో ఒక్క మాట తేడా వచ్చినా ఆవిడకే నష్టం.

అలాగే ఎవరైనా ఫోన్ చేసి "ఫలానా వాళ్లు మీ దగ్గరే ఉన్నారటగా, ఎలా ఉంది?" అంటే ఏమీ చెప్పలేను. రోగి వివరాల గోప్యతకు 1996 నాటి హిపా చట్టం ఉంది. గుళ్లో కలిసి అడిగినా, వరసకి పిన్ని అయినా అదే జవాబు. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనివ్వండి.

అమ్మకి మొదట ఈ ఉద్యోగం నచ్చలేదు. "డిగ్రీ చదివి ఇలాంటి పనులేంటే?" అంది ఫోన్‌లో. నేను వాదించలేదు, రోజూ ఏం చేశానో చెబుతూ వచ్చాను. ఆ పెద్దావిడ సంగతి చెప్పిన రోజు మాత్రం చాలాసేపు వివరాలు అడిగింది, ఆవిడ ఏ ఊరు, కొడుకు దగ్గర ఉన్నాడా, ఇంటికి వెళ్లాక ఎవరు చూస్తారు అని.

ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు కొన్ని అడగండి. నేను గదిలో ఉన్నప్పుడు డెస్క్ ఎవరిది? డెస్క్ గంటల్లో నా పేరు మీద పేషెంట్లు ఉంటారా? మానిటర్ బాధ్యత నాదా? రెండు పనులకీ విడివిడిగా ఓరియెంటేషన్ ఇస్తారా, లేక ఒకటి నేర్పి రెండోది చూసి నేర్చుకోమంటారా? జీతం గురించి అడగడానికి మొహమాటపడకండి. రెండు హోదాలకి గంట రేటు వేరైతే మీకు ఏది ఇస్తారో, ఏ గంటలు ఏ హోదా కింద నమోదు చేస్తారో ఆఫర్ కాగితం మీద రాయించుకోండి.