లెక్కలో వదిలేసిన 61 మంది

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ అనే కనుమ మీదుగా మేం ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. సియాటిల్ నుంచి లెవెన్‌వర్త్ వెళ్లాలంటే అదే దారి. రోడ్డుకు అవతలి కొండవాలులో వెల్లింగ్టన్ అనే రైల్వే ఊరు ఉండేదని మాత్రం జియోక్యాషింగ్ మొదలుపెట్టేదాకా మాకు తెలియదు.

ఆట తెలియనివారికి రెండు మాటలు. ఎవరో ఒక డబ్బా (దాన్నే క్యాష్ అంటారు) దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు సైట్‌లో పెడతారు. ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెతకాలి. దొరికితే లోపలున్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను ఉన్నచోటే పెట్టేయాలి. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం మామూలు జనం వాడే జీపీఎస్‌లో కావాలని కలుపుతున్న తేడాను ఆపేసింది. మర్నాడే ఆరెగన్‌లో ఒకాయన చెట్ల మధ్య బకెట్ దాచి, ఎక్కడుందో కనుక్కోమన్నాడు. అలా పుట్టింది.

మా అమ్మాయికి 12 ఏళ్లు. ఐరన్ గోట్ ట్రైల్ మీద ఒక మల్టీ క్యాష్ తనే ఎంచింది. మల్టీలో నేరుగా డబ్బా దగ్గరికి పోలేం. దారిలోని బోర్డులు చదివి, వాటిలోని అంకెలతో లెక్క కడితేనే చివరి చోటు తేలుతుంది. చలికాలంలో అటు వెళ్లకూడదు, మంచుచరియలు జారే వాలు అది. అందుకని ఆగస్టులో వెళ్లాం. కారు అద్దం వెనక ఫారెస్ట్ పాస్ పెట్టి నడక మొదలుపెట్టాం.

నడిచేదంతా గ్రేట్ నార్తర్న్ అనే రైల్వే కంపెనీ పాత రైలు కట్ట. 1929లో 7.8 మైళ్ల కొత్త సొరంగం తెరవగానే ఈ లైను వదిలేశారు. పట్టాలు పోయాయి, ఆల్డర్ చెట్లు లేచాయి. దారి పక్కన మైలు స్తంభాల మీద 1700 పైచిలుకు అంకెలు కనిపిస్తే అమ్మాయి ఆగిపోయింది. అవి మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నుంచి మైళ్లు. తర్వాత, మంచుచరియలు రైళ్ల మీద పడకుండా కట్టిన కాంక్రీటు మంచు షెడ్డు, కొండవాలుకు ఆనించి కట్టిన పొడవాటి చావడిలా ఉంటుంది. పైనుంచి నీళ్లు కారుతుంటాయి, అంచుల్లో ఫెర్న్ మొక్కలు. లోపల జీపీఎస్ సూది ఎటు పడితే అటు తిరిగింది.

ఆ షెడ్డు కట్టింది ఒక పెద్ద ప్రమాదం తర్వాతే. 1910 ఫిబ్రవరి చివర్లో ఒక పాసింజరు రైలు, ఒక మెయిలు రైలు మంచులో ఇరుక్కుని ఈ వెల్లింగ్టన్‌లోనే రోజుల తరబడి నిలిచిపోయాయి. మార్చి 1 అర్ధరాత్రి దాటాక, ఉరుములూ మెరుపుల మధ్య, విండీ మౌంటెన్ మీది మంచు ఒక్కసారిగా విరిగిపడి రెండు రైళ్లనూ టై నది లోయలోకి తోసేసింది. 96 మంది పోయారు, 23 మంది బతికారు. వెల్లింగ్టన్ అనే పేరు వింటేనే జనం జంకుతుండటంతో ఊరికి టై అని పేరు మార్చారు.

చివరి లెక్కలో అక్షాంశంలోని చివరి అంకెలకు, అంటే నిమిషంలో వెయ్యో వంతులకు, మృతుల సంఖ్య కలపాలి (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). నేను బోర్డు గబగబా చదివి 35 కలిపాను. ఫోన్ చూపించిన చోటు కట్ట దిగువన, నిలబడటానికే వీల్లేని ఏటవాలులో పడింది. డెవిల్స్ క్లబ్ ముళ్లపొదలు అడ్డం. అరగంట వెతికాం.

"అమ్మా, 35 పాసింజర్లే. మిగతా వాళ్లు?" అంది అమ్మాయి.

మిగతా 61 మంది రైళ్ల మీద, స్టేషన్లో పనిచేసేవాళ్లు: ఇంజిన్ డ్రైవర్లు, ఫైర్‌మన్లు, ఉత్తరాలు సర్దే మెయిలు గుమాస్తాలు, మంచు తవ్వే కూలీలు. అక్షాంశంలో నిమిషానికి వెయ్యో వంతు అంటే సుమారు 1.85 మీటర్లు. 61 తగ్గితే 113 మీటర్లు దక్షిణానికి, అంటే ఆ రైళ్లు పడిన వైపుకే జరిగాం. మా తాతయ్య కాజీపేట దగ్గర గ్యాంగ్‌మన్. వానల్లో అర్ధరాత్రి లాంతరు పట్టుకుని కట్ట చూడ్డానికి వెళ్లేవాడని నాయనమ్మ చెప్పేది. ఆయన మనవరాలినై ఉండి, పట్టాల మీద పనిచేసినవాళ్లను నేనే లెక్కలో వదిలేశాను. మళ్లీ వెనక్కి నడిచి ఆ బోర్డు దగ్గర నిలబడి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఇద్దరం పైకి చదివాం.

సరైన లెక్కతో డబ్బా పది నిమిషాల్లో దొరికింది, ఒక దేవదారు మొద్దు వెనక, బెరడు ముక్కల కింద. పుస్తకంలో మా పేర్లు, తేదీ రాశాక అమ్మాయి కింద ఇంకో ముక్క రాసింది: "35 + 61". తడి లోపలికి పోకుండా మూత గట్టిగా నొక్కి, బెరడు ముక్కలు మళ్లీ అలాగే కప్పాం.