స్కోలిన్ దిగనప్పుడు

స్కోలిన్ అంటే ఆపరేషన్‌కి ముందు కండరాలను వదులు చేసే ఇంజక్షన్. దాని ప్రభావం ఉండాల్సింది ఐదు నుంచి పది నిమిషాలు. జనరల్ అనస్థీషియాలో గొంతులోకి గొట్టం వేయడానికి కిలోకి 1 నుంచి 1.5 మి.గ్రా. ఇస్తారు. నిమిషంలో దవడ వదులవుతుంది, ఊపిరి ఆగుతుంది, గొట్టం దిగుతుంది. మందు ప్రభావం అంత త్వరగా దిగిపోవడానికి కారణం రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. మందులో చాలా భాగాన్ని అది కండరం దాకా చేరకముందే విరగ్గొట్టేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ లేనివాళ్లలో ఇచ్చిన డోసంతా కండరానికి చేరి, గంటల తరబడి వదలదు.

రోజువారీ జీవితంలో ఈ లోపానికి లక్షణమంటూ ఏదీ ఉండదు. ఆపరేషన్ టేబుల్ ఎక్కేదాకా బయటపడదు. ప్రపంచంలో చాలాచోట్ల ఇది అరుదే, మన ఆర్యవైశ్య కుటుంబాల్లో మాత్రం అంత అరుదు కాదు. ఇతర జనాభాతో పోలిస్తే సుమారు వంద రెట్లు ఎక్కువని 2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు భాగస్వాములైన జన్యు అధ్యయనం చెప్పింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన వంశం, తరతరాలుగా అందులోనే పెళ్లిళ్లు, దానివల్ల ఒకే జన్యుమార్పు పేరుకుపోయింది. అంతే తప్ప ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు.

ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు ఎంజైమ్ లేకపోవడం వల్ల కాదు, ఆ తర్వాత జరిగే కంగారు వల్ల. స్కోలిన్ దిగిందో లేదో చూడకుండానే ఇంకా ఎక్కువసేపు కండరాలను వదులుగా ఉంచే వెకురోనియమో అట్రాక్యూరియమో ఎక్కిస్తే అసలు సమస్య దాని కింద దాక్కుంటుంది. కుట్లు పూర్తయ్యాక ఆ మందుల ప్రభావాన్ని దించే రివర్సల్ ఇంజక్షన్ అలవాటుగా పడుతుంది. అందులోని నియోస్టిగ్మిన్ ఉన్న కొద్దిపాటి ఎంజైమ్‌ని కూడా అణిచేస్తుంది కాబట్టి పరిస్థితి ఇంకా సాగుతుంది. ఈలోగా మత్తు గ్యాస్ ఆపేసి ఉంటారు. పేషెంట్‌కి మెలకువ వస్తుంది, వేలు కూడా కదపలేడు. గుండె వేగం, బీపీ పెరగడం, కంటి కొనలో నీళ్లు, ఇవే అతను చెప్పగలిగినవి. మా దృష్టిలో అన్నిటికన్నా ఘోరమైన పొరపాటు ఇది.

చేయాల్సింది మాత్రం సులువే, ఓపిక కావాలి. గొట్టం తీయొద్దు, వెంటిలేటర్ ఆపొద్దు, ప్రొపోఫాల్‌తోనో మిడజోలంతోనో మత్తు కొనసాగించాలి. మణికట్టు దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి నరానికి నాలుగు చిన్న కరెంటు పల్సులిస్తే బొటనవేలు ఎన్నిసార్లు అదిరిందో చూడాలి. నాలుగూ బలంగా, సమానంగా వచ్చి, పేషెంట్ ఐదు సెకన్లు తల ఎత్తి నిలపగలిగాకే గొట్టం తీయాలి. ఇందుకు నాలుగు గంటలు పట్టొచ్చు, ఎనిమిది కూడా పట్టొచ్చు. ప్లాస్మా ఎక్కిస్తే ఎంజైమ్ అందుతుంది, కానీ వెంటిలేటర్ ఉన్నచోట ఆ రిస్కు అనవసరం. తప్పక ఎక్కించాల్సి వస్తే టెస్టుకి రక్తం ముందే తీసుకోవాలి, లేకపోతే దాత ఎంజైమే రిపోర్టులో కనిపిస్తుంది.

ఆ టెస్టు పేరు సీరం కోలినెస్టరేజ్. పురుగుమందు తాగినవాళ్లలోనూ ఈ విలువ పడిపోతుంది కాబట్టి, ఆ కేసుల పుణ్యమా అని మన జిల్లాల్లో చాలా ల్యాబుల్లో చేస్తారు. చిక్కూ అక్కడే ఉంది. పుట్టుకతో ఎంజైమ్ లేనివాళ్ల రిపోర్టు చూసి పురుగుమందు తాగారని పొరబడొచ్చు. అప్పుడు ఎర్ర రక్తకణాల్లోని ఎసిటైల్ కోలినెస్టరేజ్ కూడా చూడాలి. విషమైతే అదీ పడిపోతుంది, పుట్టుకతో వచ్చిన లోపమైతే మామూలుగానే ఉంటుంది. లివర్ జబ్బు, గర్భం కూడా సీరం విలువను కొంత తగ్గిస్తాయి, కానీ సున్నా దగ్గరికి దించవు.

లోపం ముందే తెలిస్తే స్కోలిన్, ఇదే ఎంజైమ్‌తో విరిగే మివాక్యూరియం రెండూ మానేస్తారు. వాటి బదులు కండరాలను వదులు చేసే మరో మందు రోకురోనియం కిలోకి 1.2 మి.గ్రా. సరిపోతుంది. దాని ప్రభావాన్ని అత్యవసరంగా దించాలంటే విరుగుడు మందు సుగమ్మడెక్స్ కిలోకి 16 మి.గ్రా. పడుతుంది. ఈ విరుగుడు ఖరీదు ఎక్కువ, చిన్న ఆసుపత్రుల్లో స్టాకు ఉండకపోవచ్చు. వెన్నులో ఇచ్చే మత్తుమందు బుపివకైన్‌కి ఈ ఎంజైమ్‌తో పనే లేదు, కాబట్టి సిజేరియన్‌కి భయం అక్కర్లేదు. స్పైనల్ పట్టక హడావిడిగా జనరల్‌కి మారినప్పుడే జాగ్రత్త. మానసిక వైద్యంలో ఇచ్చే షాక్ ట్రీట్‌మెంట్‌కీ స్కోలిన్ వాడతారు, ఆ సంగతి చాలామందికి తట్టదు.

ఒకరిలో లోపం తేలితే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అది ఉండే అవకాశం నాలుగింట ఒకటి. అందరికీ టెస్టు చేయించాలి. డిశ్చార్జి సమ్మరీలో ‘మత్తు ఆలస్యంగా దిగింది’ అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘సూడోకోలినెస్టరేజ్ లోపం, స్కోలిన్ ఇవ్వరాదు’ అని రాయించుకుని, దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలో ఉంచుకోవాలి.