బావ డైరీలో పేజీ మధ్య గీత

ఐడియా రాగానే ల్యాప్‌టాప్ తెరిచేయడం నాకు ఇంజనీరింగ్ రోజుల నుంచీ ఉన్న అలవాటు. ఆఫీసులో అయితే ముందు డిజైన్ డాక్యుమెంట్ రాయమంటారు, నలుగురూ కూర్చుని రివ్యూ చేస్తారు, అక్కడ తప్పు దొరికిపోతుంది. సొంతంగా చేసుకునేటప్పుడు ఆపేవాళ్లు ఉండరు కదా, అలా ఆగకుండా చేసిన పనొకటి మా బావకి పెళ్లిళ్ల సీజన్లో ఎంత కష్టం తెచ్చిపెట్టిందో రాయాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నా.

బావకి తణుకు దగ్గర టెంట్ హౌస్ ఉంది. కుర్చీలు, షామియానాలు, టేబుళ్లు, వంట గిన్నెలు, అన్నీ అద్దెకిస్తాడు. లెక్కంతా ఒక డైరీలో ఉండేది. నేను సంక్రాంతికి వెళ్లినప్పుడు అది చూసి, ఇంకా ఇదేంటి బావా, నీకు యాప్ చేసిస్తా అన్నా, ఆ రాత్రే మొదలుపెట్టేశా. లాగిన్ పేజీ, వస్తువుల లిస్టు, రంగులు, రెండు రాత్రుల్లో చూడటానికి బ్రహ్మాండంగా వచ్చేసింది. డేటాబేస్‌లో, అంటే యాప్ లెక్కలు దాచుకునే చోట, ఐటెమ్స్ అని ఒక టేబుల్ (పట్టిక), అందులో స్టాక్ అని ఒక కాలమ్. సామాను గోడౌన్ దాటితే అందులోంచి తీసేయడం, తిరిగొస్తే కలపడం. అంతే. డైరీ మానెయ్ బావా, ఇంక ఫోన్లోనే చూసుకో అని చెప్పింది కూడా నేనే.

మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యాయి. బావ దగ్గర కుర్చీలు 600. ఒక పెళ్లివాళ్లు పది రోజుల ముందే 350 అడిగారు, ఫోన్లో చూస్తే 600 ఉన్నాయి, సరే అన్నాడు, తర్వాత రెండ్రోజులకి ఇంకో ఊరివాళ్లు అదే రాత్రికి 400 అడిగారు, ఫోన్లో ఇంకా 600 అనే చూపిస్తోంది, ఎందుకంటే సామాను ఇంకా గోడౌన్ దాటలేదు కాబట్టి స్టాక్ తగ్గలేదు, దానికీ సరే అన్నాడు. ముహూర్తం రోజు సాయంత్రం 150 కుర్చీలు తక్కువ. పక్క ఊరి టెంట్ హౌసుల చుట్టూ తిరిగి, ట్రాలీ ఆటోలో తోలించి, భోజనాల వేళకి ఎలాగో సర్దాడు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి ఒకటే అడిగాడు, "ఒరేయ్, అది ఇవాళ గోడౌన్లో ఎన్నున్నాయో చెప్తోందా, ఆ రోజుకి ఎన్ని ఖాళీగా ఉంటాయో చెప్తోందా?"

నేను కోడ్ మొదలుపెట్టకముందు అడగాల్సిన ప్రశ్న అది. నా నోట్లోంచి రావాల్సింది బావ నోట్లోంచి వచ్చింది.

ఐబీఎంలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టం తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక లెక్క చెప్పారు, ప్రాజెక్టు టైంలో మూడో వంతు ప్లానింగ్‌కి, కోడింగ్‌కి ఆరో వంతే, మిగతా సగమూ టెస్టింగ్‌కి అని. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టిన లెక్క ఇది. బావ ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. నేను ఆ మూడో వంతుకి ఒక్క గంట కూడా ఇవ్వలేదు.

ఆ ఆదివారం మళ్లీ ఊరెళ్లా. ల్యాప్‌టాప్ తీసుకెళ్లలేదు, కావాలనే. బావ పాత డైరీ, ఒక తెల్ల కాగితాల పుస్తకం, పెన్ను, అంతే. డైరీలో తేదీకో పేజీ. ప్రతి పేజీ మధ్యలో స్కేలు పెట్టి గీసిన అడ్డగీత ఒకటి ఉంది. అదేంటి బావా అంటే, పైన పగలు, కింద రాత్రి అన్నాడు. రాత్రి పెళ్లికి వెళ్లిన కుర్చీలు మర్నాడు మధ్యాహ్నానికి గానీ రావు, అందుకని మర్నాడు పొద్దున ఫంక్షన్‌కి అవి లేనట్టే లెక్క. అంటే ఇక్కడ లెక్క రోజుల్లో కాదు, పూటల్లో! ఆ గీత నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, ఎప్పుడూ అడగలేదు.

ఇంకోటి కాగితం మీదే దొరికింది. ఒకళ్లకి 10, 11 తేదీల్లో 400 కుర్చీలు, ఇంకొకళ్లకి 13, 14 తేదీల్లో 400. కొత్తగా ఒకాయన 11 నుంచి 13 దాకా 150 అడిగాడనుకుందాం. తేదీలు తగులుతున్న బుకింగులన్నీ కూడేస్తే 800, ఉన్నవే 600, కాబట్టి లేవని చెప్పాలి. నేను కోడ్‌లో సరిగ్గా అదే రాసి ఉండేవాణ్ని. కానీ గళ్లు గీసి విడివిడిగా నింపితే 11న 200 ఖాళీ, 12న మొత్తం ఖాళీ, 13న 200 ఖాళీ, ఇవ్వొచ్చు. ఏ పూటకాపూట లెక్కేసి అందులో అన్నిటికంటే తక్కువది చూడాలి. ఈ తప్పు లోపలికి వెళ్లిపోయుంటే బావ వచ్చిన బేరాలు వదులుకునేవాడు, అసలు వదులుకుంటున్నట్టు కూడా తెలిసేది కాదు, అది తల్చుకుంటే భయమేస్తుంది.

ఇప్పుడు నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇదే. నిజంగా జరిగిన ఒక వారం తీసుకుని, ఆ లెక్కలన్నీ కాగితం మీద గీసిన పట్టికల్లో చేత్తో నింపుతా. ఎక్కడైనా పెన్ను ఆగిందంటే అక్కడ నాకు అర్థం కానిది ఏదో ఉందని, వెళ్లి అడుగుతా. అది నిండేదాకా కోడ్ రాసే ఎడిటర్ తెరవను. మొదట్లో చాలా కష్టంగా ఉండేది, టైం వేస్ట్ అవుతోందేమో అని లోపల ఒకటే పీకుడు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1977లో టెక్ (TeX) అనే, పుస్తకాల పేజీలు అచ్చుకి కూర్చే ప్రోగ్రామ్ పని మొదలుపెట్టి, అదంతా ముందు కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుని, ఆ తర్వాతే కంప్యూటర్లోకి ఎక్కించారని తెలిసినప్పుడు మాత్రం చాలా ధైర్యం వచ్చింది, అంతటాయనే నెలల తరబడి కాగితంతో కూర్చుంటే నాకు ఒక వారం ఎక్కువేం కాదు కదా.

రెండోసారి రాసిన యాప్‌లో స్టాక్ కాలమ్ లేదు. బుకింగులు, పూటలు, పక్క షాపు నుంచి అరువు తెచ్చినవి, విరిగినవి, ఇవే ఉన్నాయి, ఖాళీ ఎన్నో అడిగినప్పుడల్లా వీటి నుంచే లెక్క వస్తుంది. బావ మాత్రం డైరీ కూడా రాస్తూనే ఉన్నాడు, నేను మానమని అనలేదు.

మొన్న డెకరేషన్ సామాను కూడా అందులో పెట్టమన్నాడు. మండపం సెట్టు ఒకటే వస్తువా, లేక స్తంభాలూ బట్టలూ పూలకుండీలూ వేర్వేరుగా కూడా అద్దెకిస్తారా అన్న దగ్గర పెన్ను ఆగింది. మూడ్రోజులైంది, ల్యాప్‌టాప్ ఇంకా బ్యాగులోనే ఉంది. ఆదివారం వెళ్లి అడగాలి.