కంపెనీ ఊరు, మన తెలుగు

పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్ అనగానే అందరూ అడిగేవి రెండే: ఐఐటీ, రైల్వే ప్లాట్‌ఫాం. వెయ్యి మీటర్లు దాటిన ఆ ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, పదేళ్లకి హుబ్బళ్లి దాన్ని మించాయి. మించితే మించనీ. నాకు ఆ ఊరంటే మా తాత పనిచేసిన రైల్వే వర్క్‌షాపు.

బెంగాల్ నాగపూర్ రైల్వే అనేది 1887లో మొదలైన కంపెనీ. మనవాళ్ల నోట బీఎన్నార్. కలకత్తా, నాగపూర్, మద్రాసు వైపు వెళ్లే లైన్లు ఖరగ్‌పూర్ ఎర్రమట్టి మెట్ట మీద కలిసేసరికి, అక్కడే పెద్ద వర్క్‌షాపు వేసి, చుట్టూ ఊరు కట్టింది. ఎవరి హోదాకి తగ్గ ఇల్లు వాళ్లకి: దొరలకి తోటల మధ్య బంగళాలు, కూలీలకి వరస క్వార్టర్లు. నీళ్లు, ఆస్పత్రి కూడా కంపెనీవే.

మరి బెంగాల్లో ఇంతమంది తెలుగువాళ్లెందుకు? వాల్తేరు నుంచి కటక్ వైపు వెళ్లే లైను కూడా 1900 తర్వాత ఈ కంపెనీ చేతికే వచ్చింది. పలాసలోనో నౌపడలోనో రైలెక్కితే ఖరగ్‌పూర్‌లో దిగొచ్చు. ఉత్తరాంధ్రలో వాన పడకపోతే పనుండేది కాదు, అక్కడేమో నెల జీతం. ముందెళ్లినవాడు తమ్ముణ్ణి, బావమరిదిని పిలిపించుకునేవాడు. మా తాత టెక్కలి పక్క పల్లె నుంచి అలాగే వెళ్లాడు, మేనమామ రమ్మంటే. బాయిలర్ షాపులో హెల్పర్. చెవులు సరిగ్గా వినపడేవి కావు. ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడటం అప్పుడే అలవాటైంది.

కంపెనీ పిలిచి పని ఇచ్చింది, మనుషుల్ని తీసేయడానికీ వెనకాడలేదు. 1927-28లో ఆ తీసివేతల మీద పెద్ద పోరాటమే జరిగింది. కార్మికుల వైపు నిలబడిన నాయకుల్లో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. తాత ఆయన్ని ‘గిరి గారు’ అని, తెలిసిన మనిషి గురించి చెప్పినట్టే చెప్పేవాడు.

1944లో ప్రభుత్వం బీఎన్నార్‌ని తీసుకుంది. తర్వాత పేరూ మారింది గానీ పద్ధతి మారలేదు. రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాల్సిందే. ముప్పై ఏళ్లున్నా ఇల్లు మనది కాదు. అందుకే మా నాయనమ్మ పెరట్లో మునగచెట్టు తప్ప ఇంకేమీ నాటనిచ్చేది కాదు. తొందరగా కాస్తుంది, వదిలేసినా బాధుండదు అనేది. ఆ లెక్క ఆవిడదే కాదు, ఆ వరసలో అందరిదీ.

2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకి అధికార భాష హోదా ఇచ్చింది. ఎన్నికల ముందు ఇచ్చారని కొందరు పెదవి విరిచారు. విరవనీ, నాకైతే సంతోషమే. వందేళ్లు పైగా బాయిలర్ల దగ్గర అరుచుకున్న భాష కదా, కాగితం మీదకి ఎప్పుడో రావాల్సింది.