అలాస్కాకైతే సరే, బేతంచెర్లకు వద్దు

"మీ ఊళ్ళో నీకు తెలిసింది బడి, బస్టాండు, రైల్వే స్టేషను. అంతే కదమ్మా" అంది మా పాప. ఎగతాళిగా కూడా అనలేదు, ఉన్న మాట అన్నట్టు అంది. అందుకే ఎక్కువ మండింది.

గొడవ దేని గురించంటే, డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న పిల్ల కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కి అప్లై చెయ్యనని తేల్చేసింది. డేటా సైన్స్ కూడా వద్దంట. ఎర్త్ సైన్సెస్‌లో పీహెచ్‌డీ చేస్తుందంట. పోనీ ఏ హవాయి అగ్నిపర్వతాల మీదో చెయ్యకూడదా? కర్నూలు మట్టి మీద చేస్తుందంట.

నేను పుట్టి పెరిగింది బేతంచెర్లలో. 2022లో మా ఊరు నంద్యాల జిల్లాలోకి పోయింది గానీ మా నోటికి ఇంకా కర్నూలనే వస్తుంది. మా నాయనకు అక్కడ చిన్న బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉండేది. క్వారీ నుంచి నాపబండలు ట్రాక్టర్లలో దిగేవి. మిషను కింద నీళ్ళు పోస్తూ రుద్దుతుంటే తెల్లటి బురద కాలవ కట్టి రోడ్డు దాకా వచ్చేది, ఎండితే దుమ్మయి ఇంట్లో అన్నం మీద వాలేది. "ఈ రాళ్ళల్లో నేను పడింది చాలు, నువ్వు చదువుకుని బయటపడు తల్లీ" అనేవాడు నాయన. బయటపడ్డాను. ఎంసెట్, అనంతపురంలో ఇంజనీరింగు, హైదరాబాదు, అక్కడి నుంచి ఇక్కడికి, అమెరికాకు. ఇంత చేస్తే, ఆయన మనవరాలు రాళ్ళ కోసం వెనక్కి పోతానంటోంది.

దీనికి నేనే బాధ్యురాలినని మా ఆయన వాదన. ఆదివారం నిద్ర మానుకుని పిల్లల్ని తెలుగు బడికి తీసుకుపోయింది నేను. ఉగ్గాని బజ్జీ తినకపోతే అలిగింది నేను. "పిల్లలకు మన మట్టి మీద మమకారం పెంచాలి" అని అసోసియేషన్ మీటింగులో మైకు పట్టుకుని మాట్లాడిందీ నేనే. నిజమే. మమకారం పెంచుకోమన్నాను గానీ, ఆ మట్టిని తవ్వి, జిప్‌లాక్ సంచుల్లో పోసి, నంబర్లు వెయ్యమని నేనెప్పుడన్నాను?

ఎవరైనా "పాప ఏం చేస్తోందండీ?" అని అడిగితే "ఎన్విరాన్‌మెంటల్ డేటా" అంటున్నాను. అబద్ధం కాదు. శాటిలైట్ బొమ్మలు దించుకుంటుంది, పైథాన్ రాస్తుంది. కాకపోతే "డేటా" అన్నది గట్టిగా అంటాను, మిగతాది మింగేస్తాను. పాప పక్కనుంటే మాత్రం "రాళ్ళు, ఆంటీ. మా అమ్మ సిగ్గుపడుతోంది" అని తనే చెప్పేస్తుంది.

అసలు ఇదంతా మొదలైంది ఒక క్లాసులో. ప్రొఫెసర్ తెర మీద ఒక లోయ ఫోటో వేసి "జ్వాలాపురం, సదరన్ ఇండియా" అన్నాడంట. యాగంటికి దగ్గర్లో, జుర్రేరు వాగు పక్కనున్న పల్లె. సుమారు 74,000 ఏళ్ళ కింద ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలింది. ఆ బూడిద సముద్రం దాటి వచ్చి మన దగ్గర పడింది. వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరిన చోట మనిషెత్తు మందాన పేరుకుంది. పేలుడు పెద్దది కాబట్టి అప్పటి మనుషులు చాలావరకు నశించి ఉంటారని ఒక వాదన ఉండేది. జ్వాలాపురంలో తవ్విన వాళ్ళకు బూడిద కిందా, పైనా కూడా ఇంచుమించు ఒకే తీరు రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఆ పరిశోధన 'సైన్స్' పత్రికలో వచ్చింది. ఆ పనిముట్లు చేసింది మనలాంటి మనుషులేనా, ఇంకో జాతా అన్న తగువు మాత్రం తెగలేదు.

పాప ఆ రాత్రి ఫోన్ చేసి "ఇది మీ ఊరి పక్కనే కదా, చెప్పలేదేం?" అంది. ఏం చెప్పాలి? ఆ తెల్లమట్టిని జనం తవ్వుకుపోయి గిన్నెలు తోమే పొడికి అమ్ముకునేవాళ్ళని విన్నాను, అంతే. మేము యాగంటికి పోయింది బసవన్నను చూడడానికి. బసవన్న పెరుగుతున్నాడా లేదా, కలియుగాంతంలో లేచి రంకె వేస్తాడా లేదా అని చూసి, పులిహోర తిని, తిరిగొచ్చే వాళ్ళం. ఆ దారిలో అంత కథ ఉందని మాకు చెప్పినవాళ్ళు లేరు. అడగాలని నాకూ తోచలేదు.

తర్వాత ఒకరోజు వంటింట్లో నిలబడి కింది నుంచి పైకి పొరల పేర్లు చదివింది: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. అచ్చం మా పాత ఎర్రబస్సు కండక్టరు స్టాపులు అరిచినట్టుంది. అవన్నీ రాళ్ళ పేర్లు. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, అలా. మొత్తానికి కర్నూలు గ్రూపు అంటారు. దాని కింద ఇంకా పాతది కడప సూపర్‌గ్రూపు. 1872లోనే విలియం కింగ్ అనే దొర జియలాజికల్ సర్వే తరఫున ఈ కడప, కర్నూలు రాళ్ళ మీద పెద్ద గ్రంథం రాశాడు. మా నాయన పాలిష్ పట్టి అమ్మిన నాపరాయి నార్జి సున్నపురాయంట. గవ్వలూ చిప్పలూ ఉన్న జీవాలు పుట్టకముందు సముద్రం అడుగున పేరుకున్న బురద. దాని వయసు సరిగ్గా ఎంతన్నదాని మీద శాస్త్రవేత్తలు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నేను చిన్నప్పుడు దాని మీద కూర్చుని గచ్చకాయలు ఆడాను.

ఇదంతా విని నేను అడిగిన ప్రశ్న: "దీనివల్ల ఉపయోగం ఏంది?"

"2009లో కర్నూలు మునిగినప్పుడు రాత్రంతా టీవీ ముందు ఏడ్చావని నువ్వే చెప్పావు. తుంగభద్ర, హంద్రీ పొంగితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో మ్యాపు గీసి చెప్పేదీ మా చదువే" అంది. జవాబు లేక, "సరే, జీతం ఎంతొస్తుంది?" అన్నాను.

ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు నాలుగు మాటలు చెప్పాలి. మనం ఎమ్మెస్‌కి వచ్చిన పద్ధతిని మర్చిపోండి. జీఆర్‌ఈ స్కోరు, బ్యాంకు బ్యాలెన్సు కాగితాలు, నాన్న పొలం తాకట్టు, ర్యాంకుల పట్టిక, ఇవేవీ ఇక్కడ పనికిరావు. ఈ శాఖల్లో చాలా చోట్ల జీఆర్‌ఈ ఎత్తేశారు. యూనివర్సిటీ పేరు కన్నా ఏ ప్రొఫెసర్ దగ్గర చేరతారన్నదే ముఖ్యం. సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పిల్లలు ఆ ప్రొఫెసర్లకు ఉత్తరం రాసి, మీ పేపరు చదివాను, నా ప్రశ్న ఇది, వచ్చే ఏడు విద్యార్థిని తీసుకుంటున్నారా అని అడగాలి. దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో ముగుస్తుంది. ఫండింగుతో ఆఫర్ వస్తే చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోనిస్తాయి. పీహెచ్‌డీకి మామూలుగా ఫీజు మనం కట్టం. క్లాసులు చెప్పినందుకో, ప్రాజెక్టులో పనిచేసినందుకో వాళ్ళే స్టైపెండ్ ఇస్తారు. నేను ఈ మాట నమ్మక "ఎవరు చెప్పారు, లెటర్ చూపించు" అన్నాను. మాస్టర్స్‌కి మాత్రం డబ్బు సంగతి ముందే విడిగా అడగాలి. గైడు దగ్గర చదివిన పాత విద్యార్థులతో మాట్లాడమని చెప్పండి. ఎన్నేళ్ళు పట్టింది, ఇప్పుడెక్కడున్నారు అని. పెళ్ళి సంబంధానికి మనం చేసే వాకబులో సగం చేసినా చాలు.

ఇదంతా పాప నాకు చెప్పిందే. నేను ధీమాగా చెప్తున్నాను గానీ ధీమా ఏం లేదు. ఇక్కడి పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకూ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చే ఫెలోషిప్ ఒకటి ఉంది. దాని మీద పాప ఆశ పెట్టుకుంది. 2025లో దాన్ని మొదట వెయ్యి మందికే ప్రకటించారు, అంతకు ముందున్న దానిలో సగం. తర్వాత ఇంకొంతమందిని కలిపారనుకోండి. భూమి, వాతావరణం మీద పనిచేసే వాళ్ళకు ఏ ప్రభుత్వం ఎంతిస్తుందో, ఎప్పుడు ఆపుతుందో చెప్పలేని కాలం. ఇది చూపించి "అందుకే వద్దంటున్నా" అన్నాను. "సాఫ్ట్‌వేర్ వాళ్ళను తీసెయ్యట్లేదా?" అంది. మా ఆయన లాప్‌టాప్ మీద నుంచి తల ఎత్తలేదు.

పోయిన వేసవిలో ఇంటికి పోయినప్పుడు నాయనకు చెప్పాను, ఆయనైనా నా పక్షం మాట్లాడతాడని.

"రాళ్ళ చదువా? దానికి అమెరికా ఎందుకు, మన క్వారీకే రమ్మను" అన్నాడు.

పాపను తీసుకుపోయాడు కూడా. ఫ్యాక్టరీ అమ్మేసి చాలా కాలమైనా క్వారీల్లో అందరూ తెలిసినవాళ్ళే. నేనూ వెంట పోయాను. నాయన ఒక బండ మీద చిన్న సుత్తితో తట్టి, చెవి పెట్టి, "ఇది ఖంగుమంటాంది, మంచిది" అన్నాడు. రెండో దాన్ని తట్టి "ఇందులో నెర్రె ఉంది, మిషనెక్కిస్తే రెండు ముక్కలు" అన్నాడు. పైకి చూస్తే రెండూ ఒకటే. పాప నీళ్ళ సీసా తీసి బండ అంచు మీద పోసింది. తడికి సన్నటి పొరలు, ఒకటి నలుపు ఒకటి బూడిద రంగు, ఒకదాని మీద ఒకటి తేలాయి. నాయన ఆ పొరల మధ్య ఉలి పెట్టి, ఎక్కడ కొడితే బండ విడిపోతుందో చూపించాడు. ఇద్దరూ గొంతుక్కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు. పాప తెలుగు, మా నాయన తెలుగు, మధ్యలో నేను అక్కర్లేదు.

తిరిగొస్తుంటే రోడ్డు పక్కన పాలిష్ బురద గుట్టలు చూసి పాప వాళ్ళ తాతను "అబ్బా, ఇది వానొస్తే ఎక్కడికి పోతుంది?" అని అడిగింది. నాయన కాసేపు మాట్లాడలేదు. "వాగులోకి పోతాది. ఇంకేడికి పోతాది" అన్నాడు. నా ఇంజనీరింగు ఫీజు ఆ బురదలోంచే వచ్చింది. నేను ఏసీ పెంచమని డ్రైవరుకు చెప్పాను.

ఇక నా భయం సంగతి. నిరుడు పాప స్నేహితులతో కలిసి అలాస్కాకు ఫీల్డ్ ట్రిప్ పోతానంటే నేనే దగ్గరుండి జాకెట్టు, బూట్లు కొనిచ్చాను. ఎలుగుబంట్ల గురించి ఒక వీడియో పంపి ఊరుకున్నాను. అదే పిల్ల మా అమ్మానాయన ఉన్న ఊరికి, నేను పెరిగిన ఊరికి పోయి, జుర్రేరు గట్టు మీద తవ్వుకుంటానంటే నాకు నిద్ర పట్టట్లేదు. మే నెల ఎండ ఒక సాకు, పాములు ఒక సాకు. ఆడపిల్ల ఒంటరిగా గుట్టల్లో తిరిగితే ఊళ్ళో ఏమనుకుంటారో నాకు తెలుసు. నేను విన్న మాటలే కాబట్టి తెలుసు. నన్ను క్వారీ ఛాయలకు రానిచ్చేవాడు కాదు మా నాయన, "ఆడపిల్లకు ఈడేం పని" అనేవాడు. ఆ మాట ఇప్పుడు నా నోట్లోంచి ఇంగ్లీషులో వస్తోంది.

ఒక అడ్డంకి దొరికిందని మధ్యలో సంతోషించాను, ఒప్పుకుంటున్నాను. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నా ఇండియాలో పరిశోధన చెయ్యాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలని 2021లో నోటిఫికేషన్ ఇచ్చారు. అవ్వనూ అబ్బనూ చూడ్డానికి ఎప్పుడైనా పోవచ్చు, పరిశోధనంటే కాగితం కావాలి. మట్టి నమూనాలు ఇక్కడికి తెచ్చుకోవాలన్నా ఇక్కడి వ్యవసాయ శాఖ పర్మిట్ ఉండాలి. మేము ఆవకాయ సీసా తెచ్చేటప్పుడే ఎయిర్‌పోర్టులో అంత టెన్షన్ పడతాం, ఇది గొట్టాల కొద్దీ మట్టి. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్ళయిందో లెక్కగట్టే పద్ధతి ఒకటుందంట. ఇనప గొట్టాన్ని మట్టి గోడలోకి దిగ్గొట్టి, వెలుతురు తగలకుండా మూతలు బిగించి తెచ్చి, ల్యాబులో ఎర్రదీపం కింద తెరుస్తారు. దారిలో కస్టమ్స్ వాళ్ళు ఆ మూత తీస్తే అంతే సంగతులు. ఇన్ని చిక్కులుంటే తనే మానుకుంటుందనుకున్నాను. తను చేరాలనుకుంటున్న ప్రొఫెసర్‌కు అక్కడి యూనివర్సిటీ వాళ్ళతో పాత పరిచయాలున్నాయని, కాగితాల పని వాళ్ళు చూసుకుంటారని నవ్వుతూ చెప్పింది. ఈమెయిల్‌లో తెలుగు మాట్లాడగలనని రాసినందుకే ఆయన వెంటనే జవాబిచ్చాడంట. ఆదివారాలు నేను కారు నడిపి నేర్పించిన తెలుగు.

డిసెంబరు సెలవుల్లో చోటు చూసి రావడానికి పోతోంది, తవ్వడం ఏమీ ఉండదంట. నేనూ వస్తానన్నాను. "నువ్వెందుకమ్మా, అబ్బ ఉన్నాడుగా" అంది. నాయనకు ఫోన్ చేసి, ఎండలో తిప్పొద్దు, ఒంటరిగా వదలొద్దు అని మొదలుపెట్టాను. ఆయన అప్పటికే జ్వాలాపురంలో తెలిసినవాళ్ళతో మాట్లాడి, భోజనం ఎవరింట్లోనో ఖాయం చేసి, ఆటో కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. నన్ను క్వారీకి రానీయని మనిషే ఈయన. "మరి నన్నెందుకు రానీలేదు నాయనా అప్పుడు?" అని అడిగాను. సిగ్నల్ సరిగ్గా లేదన్నాడు. టికెట్ ఒకటి కొనాలో రెండు కొనాలో ఇంకా తేలలేదు, రేటు మాత్రం రోజూ చూస్తున్నాను.