మాధవిగా బెజవాడకి

పినాకిని ఎక్స్‌ప్రెస్ కృష్ణ బ్రిడ్జి ఎక్కేసరికి రాత్రి ఎనిమిది దాటింది. ఎడమ పక్క కిటికీ దగ్గరికి జరిగాను. ప్రకాశం బ్యారేజీ మీద దీపాల వరస, ఆ పైన ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గుడి వెలుగు. మద్రాసులో కాపురం పెట్టిన దగ్గర్నుంచీ ఈ బ్రిడ్జి మీదే వస్తూ పోతూ ఉన్నాను. బండి చప్పుడు మారగానే చేతులు వాటంతటవే దణ్ణానికి లేస్తాయి. పక్కన నా శిష్యురాలు కూడా చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది. తనకి ఇరవై రెండేళ్లు. ఎల్లుండి సాయంత్రం కూచిపూడి నృత్యనాటకం భామాకలాపంలో తను సత్యభామ, నేను ఆమె చెలికత్తె మాధవి.

ఈ ఊరికి ఎన్నిసార్లు వచ్చినా భామగానే వచ్చాను. మాధవిగా రావడం ఇదే మొదలు.

మా మాస్టారి ఇల్లు సత్యనారాయణపురంలో. అక్కడే నా అడుగులు మొదలయ్యాయి. భామాకలాపంలో నాకు దొరికిన మొట్టమొదటి పని వేషం కాదు, తెర పట్టుకోవడం. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఒక కొస నేను, ఇంకో కొస నాకంటే పొడుగు పిల్ల. తెర నా వైపు జారిపోతుంటే మాస్టారు కనుబొమ్మ ఎగరేసేవారు, నేను మునివేళ్ల మీద లేచేదాన్ని. భామ వేషం వేసే అక్క తెర వెనక నిలబడి, తన జడని తెర మీదుగా సభ వైపు వేసేది. ఆ జడ సరిగ్గా నా చెంప పక్కనే వేలాడేది. పైన నాగరం, సూర్యుడు, చంద్రవంక, కింద జడగంటలు, మధ్యలో కనకాంబరాలు. కొబ్బరినూనె, పూలు, మొహానికి వేసిన రంగు, అన్నీ కలిసిన వాసన. గజ్జె కట్టిన కాలు తెర వెనక నేలని ఒక్కసారి తడితే జడగంటలు చిన్నగా ఊగేవి. అదంతా సభలో వాళ్లకి కనపడేది కాదు. నాకు ఒక్కదానికే కనపడేది.

జడ అలా వెయ్యడం పందెం. ఈ సభలో నన్ను విద్యలో ఓడించగలిగినవాళ్లుంటే వచ్చి ఈ జడ కోసుకోండి అని భామ సవాలు. ఆ తర్వాతే తెర తొలుగుతుంది, భైరవి రాగంలో 'భామనే సత్యభామనే' అని ప్రవేశ దరువు, అంటే భామ తనని తాను పరిచయం చేసుకునే పాట, మొదలవుతుంది.

కథ చిన్నదే. కృష్ణుడూ సత్యభామా అద్దంలో చూసుకుంటూ ఇద్దరిలో ఎవరు అందంగా ఉన్నారన్న మాట మీద గొడవపడతారు, ఆయన వెళ్లిపోతాడు. భామ విరహంతో కుమిలిపోతుంది, చెలికత్తె మాధవి చేత ఉత్తరం పంపుతుంది, చివరికి కలుస్తారు. ఇంతే కథని సిద్ధేంద్రయోగి పదిహేడో శతాబ్దంలో కలాపంగా కట్టారని కూచిపూడివాళ్లు చెప్పుకుంటారు. అప్పట్నుంచి ఆగకుండా ఆడుతూనే ఉంది. పాత రోజుల్లో కాగడాల వెలుగులో రాత్రుళ్ల తరబడి సాగేది. ఇందులో నర్తకి ఆడటమే కాదు, పాడాలి, మాట్లాడాలి. వాచికం లేకపోతే కలాపం లేదు.

నేను మొదటిసారి భామ కట్టింది 1996లో, పదిహేడో ఏట, తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో. మాధవి మాస్టారే. ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో కట్టాను. కానుపయ్యాక ఏడాది తిరక్కుండానే కట్టాను, మా నాన్న పోయిన ఏడు కూడా కట్టాను. అన్నిటికీ ఎదురుగా మాస్టారు ఉన్నారు. మూడేళ్ల కిందట ఆయన కాలం చేశారు. ఈ పిల్ల భామకి సిద్ధమైనప్పుడు ఎదురుగా ఎవర్ని నిలబెట్టాలా అని నెల రోజులు ఆలోచించాను. కడకి నేనే నిలబడాలనిపించింది.

ఈ ప్రదర్శన ఒప్పుకోవడానికి ముందు నిర్వాహకులతో పెద్ద రగడే అయింది. గంటన్నరలో ముగించమన్నారు, పాట రికార్డు చేసి తెచ్చుకోమన్నారు. ఈ మధ్య చాలాచోట్ల ఇదే వరస. వర్ణమో తరంగమో లాంటి విడి అంశమైతే రికార్డు మీద ఎలాగో నెట్టుకురావచ్చు. కలాపం అలా కాదు. మాధవి ఒక మాట అంటుంది, భామ దానికి ఎంత సేపట్లో జవాబు చెబుతుందో ఆ రోజు భామకే తెలియదు. ఆ సందుని ముందే ఎవరు రికార్డు చేస్తారు? నాలుగు ఫోన్ల తర్వాత రెండు గంటల ఆటకీ, మృదంగం, వయొలిన్, వేణువు, ఒక గాయనికీ ఒప్పుకున్నారు. నా పారితోషికంలో కొంత తగ్గించుకున్నాను. దానికి బాధ లేదు.

మర్నాడు పొద్దున్నే పిల్లని తీసుకుని కూచిపూడి బయల్దేరాను. దానికి ఒక కారణం ఉంది. తను పుట్టిందీ పెరిగిందీ మద్రాసులో. ఇంట్లో తెలుగే అయినా, మాటలో అక్కడి వాలు ఉంటుంది. పద్యం శుద్ధంగా చదువుతుంది కానీ మాధవితో వాదన దగ్గరికొచ్చేసరికి అప్పజెప్పినట్టుంటుంది. భామ మాట్లాడే భాష ఒకసారి చెవిన వెయ్యాలని కారు వద్దన్నాను. నెహ్రూ బస్‌స్టేషన్‌లో పామర్రు మీదుగా వెళ్లే అవనిగడ్డ బస్సు ఎక్కాం.

ధనుర్మాసం. పెనమలూరు దాకా ఊరు వదల్దు. కంకిపాడు దాటాక మంచులో పొలాలు, ఇళ్ల ముందు ముగ్గుల మధ్య గొబ్బెమ్మలు. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్లు అడ్డం రావడంతో బస్సు చాలాసేపు ఆగిపోయింది. మా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు, తోడికోడళ్లనుకుంటాను, ఎవరో పెళ్లికి గొలుసు అడిగిన సంగతి మాట్లాడుకుంటున్నారు.

"గాజులంటే ఇద్దును, గొలుసెలా ఇస్తానే? అడిగేదానికైనా ఉండొద్దూ!"

"మరి లేదని చెప్పలేకపోయావా?"

"మెళ్లో పెట్టుకుని లేదంటే ఏం బాగుంటుంది?"

పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కలాపంలో మాధవి ఉత్తరం తీసుకెళ్లడానికి బహుమానం అడుగుతుంది. భామ ఏ నగైనా ఇస్తానంటుంది. మాధవి మాత్రం ముక్కెరే కావాలని పట్టుపడుతుంది. ముత్తయిదువ ముక్కెర ఎలా తీసిస్తుంది? ఇవ్వకపోతే ఉత్తరం ఎలా వెళుతుంది? ఆ ఘట్టం నేను పిల్లకి కనీసం యాభైసార్లు చెప్పి ఉంటాను. ఆ బస్సులో పది నిమిషాల్లో తనకి పట్టుబడింది. పామర్రు వచ్చేదాకా ఆ ఇద్దరి మాటలే వింటూ, పెదాలు కదుపుతూ కూర్చుంది.

కూచిపూడిలో ముందు రామలింగేశ్వరస్వామి గుడికి వెళ్లాం. పూజారిగారు మమ్మల్ని చూసి "నాట్యం వాళ్లా?" అని, బాలాత్రిపురసుందరి దగ్గర కుంకుమ తెచ్చి ఇచ్చారు. అక్కణ్నుంచి సిద్ధేంద్రయోగి కళాపీఠం. లోపల పదేళ్ల పిల్లలు అడుగులు వేస్తున్నారు. తట్టుకర్ర చప్పుడు వినగానే పిల్ల కాళ్లు నిలవలేదు. వెనక వరసలో చేరి, చున్నీ నడుముకి బిగించి, వాళ్లతో పాటు మూడు కాలాలూ, అంటే మూడు వేగాల్లోనూ, వేసింది.

నేను అరుగు మీద కూర్చుని ఆ ఊరి మగపిల్లల గురించి ఆలోచించాను. తానీషా ఈ అగ్రహారాన్ని ఇక్కడి భాగవతులకి రాసిచ్చాడని చెబుతారు. ఆ కుటుంబాల్లో పుట్టిన ప్రతి మగబిడ్డా జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని నియమం. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల... ఇన్ని ఇళ్లలో ఇన్ని తరాల మగవాళ్లు కాళ్లకి పారాణి పెట్టుకుని, ఆ జడ మోసి, భర్త పేరు చెప్పడానికి సిగ్గుపడ్డారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఈ వేషంతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. వయసు మీరాక కూడా ఆయన జడ ముందుకి వేసుకుని ఒక్క చూపు చూస్తే సభ ఆయన్ని మగవాడని మర్చిపోయేది. మా మాస్టారు ఆయన పేరెత్తితే ముందు రెండు చెంపలూ తాకేవారు. ఆడపిల్లలకి ఈ విద్య చెప్పాలని వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ముందుకొచ్చారు. ఆయన తర్వాత వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరో ఆడపిల్లల్ని తయారుచేశారు. వాళ్లు తలుపు తియ్యకపోతే నా చెంప పక్కన ఆ జడ వేలాడేది కాదు. సత్యంగారూ సత్యనారాయణ శర్మగారూ ఇద్దరూ 2012లోనే పోయారు. ఆ ఏడంతా మాస్టారు క్లాసులో సరిగ్గా మాట్లాడలేదు.

దగ్గర్లోనే మొవ్వ. క్షేత్రయ్య ఊరు. ఆయన పేరున్న వేదిక మీదే రేపటి ఆట కాబట్టి మువ్వగోపాలుడికి దణ్ణం పెట్టుకోకుండా తిరిగి రాబుద్ధి కాలేదు. ఆటో మాట్లాడుకుని వెళ్లొచ్చాం.

సాయంత్రం ఒక్కదాన్నే సత్యనారాయణపురం వెళ్లాను. మాస్టారి భార్య పిన్నిగారికి డెబ్భై ఆరేళ్లు. మాస్టారి గది ఏమీ మార్చలేదు. గోడకి 2016 డిసెంబరు ఫొటో అలాగే ఉంది. ఇందిరాగాంధీ స్టేడియంలో 6,117 మంది ఒకేసారి కూచిపూడి ఆడి గిన్నిస్‌కెక్కిన రోజది. ఆ వరసల్లో నేనెక్కడో ఉన్నాను. మాస్టారు ఆ రోజు ఇంటికొచ్చి, "బాగుందమ్మా, కానీ ఇంతమందిలో ఎవరి కళ్లూ కనపడలేదు" అన్నారు. ఆ మాటతో నేను ఇప్పటికీ ఏకీభవిస్తాను. కలాపమంతా కళ్లలోనే ఉంది.

"రేపు మాధవివటగా?" అన్నారు పిన్నిగారు. లోపలికి వెళ్లి ఎర్ర గుడ్డ మూట తెచ్చారు. మాస్టారి తాళాలు. కంచువి, అంచులు అరిగి నున్నగా అయ్యాయి. వాటిని కలిపే తాడు కొత్తది, ఆవిడే మార్చినట్టున్నారు. చేతిలోకి తీసుకుంటే బొటనవేలు ఆనే చోట చిన్న గుంట. అది ఆయన వేలి గుంట. నా వేలు అందులో సరిపోలేదు, కొంచెం పక్కకి పెట్టుకోవాల్సి వచ్చింది.

"ఆట అయ్యాక తెచ్చిచ్చేయ్" అన్నారు. "పొద్దున్నే దీపం దగ్గర మోగిస్తాను."

ప్రదర్శన రోజు గురించి ఎక్కువ చెప్పను. హాలు ముప్పాతిక నిండింది. బందరు రోడ్డు ట్రాఫిక్‌లో మృదంగం ఆయన ఇరుక్కుపోతే కాసేపు అందరికీ టెన్షన్. నాది పంచెకట్టు, నడుముకి ఉత్తరీయం, చేతిలో తాళాలు. మాస్టారు కట్టినట్టే కట్టుకున్నాను. ఈ పాత్ర గొప్పతనం ఏమిటంటే మొదట సూత్రధారుడు, భామ వైపు తిరిగితే మాధవి, కృష్ణుడి వైపు తిరిగితే మాధవుడు. ఒంటి మీద బట్ట మారదు, మెడ తిరిగే తీరు మారుతుంది. మూడు నెలలు అద్దం ముందు ఆ ఒక్క మెడ మీదే పనిచేశాను.

తెర పట్టింది ఇక్కడి కాలేజీ పిల్లలిద్దరు. జడ ఇవతలికి పడింది. ఇన్నేళ్లూ ఆ జడకి అవతల నిలబడి, దాని బరువుకి మెడ నిలబెట్టుకోవడమే ఎరుగుదును. ఎనిమిదేళ్ల వయసు తర్వాత మళ్లీ ఇవతలి నుంచి చూశాను. జడగంటలు చిన్నగా ఊగాయి. తాళం వేశాను.

భర్త పేరు అడిగే చోటు వచ్చింది. ఊళ్లో ఇంతమంది ఉన్నారు, నీ మగడెవరో పేరు చెప్పకపోతే నేనెక్కడని వెతకను అని మాధవి నిలదీస్తుంది. రిహార్సల్లో పిల్ల ఇక్కడ లెక్కపెట్టి రెండు ఆవర్తాలు, అంటే తాళం రెండు చుట్లు, ఆగేది. ఆ రోజు రెండు అయ్యాయి. మూడు, నాలుగు. తల వంచుకుని పమిట కొస వేలికి చుట్టుకుంటోంది. మర్చిపోయిందేమో అనుకున్నాను. అందించడానికి నోటిదాకా వచ్చింది. ఇంతలో తను సగం తల ఎత్తి నన్ను చూసింది. అది మర్చిపోయిన చూపు కాదు. నేనేమీ అనలేదు. తాళాలు ఛాతీ దగ్గర పట్టుకుని నిలబడ్డాను. మృదంగం ఆయన నా వైపు చూసి, నేను కదలకపోవడం గమనించి, మునివేళ్లతో మాత్రం నడిపించారు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు.

1996లో ఇదే స్టేజీ మీద నేనూ ఇలాగే ఆగాను. నిజంగా మాట రాక ఆగాను. మాస్టారు నవ్వు మొహంతో, తల కొంచెం పక్కకి వంచి, నాకు తొందరేం లేదన్నట్టు నిలబడ్డారు. అప్పుడు నేను ఆయన్ని చూడనే లేదు, నా సిగ్గే చూసుకున్నాను. ఆయన అందివ్వకుండా ఉండటానికి ఎంత బిగబట్టుకుని ఉంటారో నా గొంతు దగ్గర ఆగిన మాట వల్ల తెలిసింది.

పిల్ల పేరు చెప్పింది. బస్సులో విన్న ఆ ఆడవాళ్ల గొంతుతో, సగం విసుగు, సగం మురిపెం. సభ గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది.

మర్నాడు రైలుకి ముందు సత్యనారాయణపురం వెళ్లాను. పిన్నిగారు అప్పటికే తలంటు పోసుకుని, దీపం సిద్ధం చేసుకుని కూర్చున్నారు. తాళాలు తీసుకుని కొంగుతో తుడిచారు.

"పేరు చెప్పిందా మీ పిల్ల?"

"చెప్పింది పిన్నిగారూ. చాలాసేపు ఆగి చెప్పింది."

"నువ్వు అందించలేదు కదా?"

"లేదండీ."

ఆవిడ తల ఊపి, తాళాలు దీపం పక్కన పెట్టి, లోపల్నుంచి పులిహోర పొట్లాలు రెండు తెచ్చారు. ఒకటి నాకు, ఒకటి పిల్లకి. నెల్లూరు రాకముందే తినేయమన్నారు.